డబుల్ బ్యాచ్ కట్టాలా వద్దా: నల్లగొండలో ఒక ఈత కోచింగ్ సమీక్ష

నల్లగొండ పట్టణంలో పోటీల కోసం ఏడాది పొడవునా నడిచే ఈత బ్యాచ్ ఇది. ఎండాకాలం రెండు నెలలు తెరిచి, తొలకరి పడగానే తాళం వేసే కొలనుల లెక్క కాదు. 25 మీటర్ల కొలను, ఆరు లేన్లు, ఇద్దరు కోచ్‌లు, తొమ్మిదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా ముప్పై మందికి పైగా పిల్లలు. చేర్పించడానికి పోయిన తల్లిదండ్రులను అక్కడ మొదట అడిగేది ఒక్కటే: సింగిలా, డబులా? సింగిల్ అంటే పొద్దున ఒక్కపూట. డబుల్ అంటే పొద్దున, సాయంత్రం రెండు పూటలు. డబుల్‌లో పిల్లలు రోజుకు ఐదున్నర కిలోమీటర్లు ఈదుతారని చెప్తారు. ఆ అంకె విని చాలామంది డబుల్‌కే కడుతున్నారు. మూడు వారాలు గట్టు మీద కూర్చుని, సెట్లు (ఒక పూట ఈదాల్సిన దూరాల జాబితా) రాసుకుని, పిల్లల స్ట్రోకులు (చెయ్యి ఒకసారి నీళ్లను లాగితే ఒక స్ట్రోకు) లెక్కపెట్టి, నీళ్లు పరీక్షించి రాస్తున్నాం.

ముందే చెప్పేస్తాం. సింగిల్ బ్యాచ్ మంచిది, నిశ్చింతగా చేర్పించొచ్చు. డబుల్ మాత్రం పదమూడు పద్నాలుగేళ్లు దాటి, స్ట్రోకు కుదిరి, 200 మీటర్లు ఆపైన ఈవెంట్లు ఈదే పిల్లలకే. పదేళ్ల పిల్లకు డబుల్ కట్టడమంటే డబ్బులిచ్చి భుజం నొప్పి కొనుక్కోవడమే.

పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా బోర్డు మీద రాసే సెట్ దాదాపు రోజూ ఒక్కటే. వార్మప్ 600 మీటర్లు. తర్వాత 200 మీటర్లు చొప్పున ఎనిమిది, నాలుగు నిమిషాలకొకటి. కిక్‌బోర్డు పట్టుకుని కాళ్లతో 400. చివర మెల్లగా 400. మొత్తం 3000. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా వార్మప్ 400, చేతులకు పాడిల్స్ (అరచేతికి తొడిగే ప్లాస్టిక్ పలకలు) తొడిగి 100 చొప్పున పది, 50 చొప్పున ఇరవై, ఆఖరున 200. అది 2600. రెండు పూటలూ కలిపితే 5600, వారానికి ఆరు రోజులు. అంటే 33,600 మీటర్లు, పద్దెనిమిది గంటలు.

పదహారేళ్ల 800 మీటర్ల ఈతగాడికి ఇది పెద్ద భారం కాదు. చిక్కల్లా ఇదే సెట్ తొమ్మిదేళ్ల లేన్‌కు కూడా పోవడంలో ఉంది. చిన్నపిల్లలకు 200 నాలుగు నిమిషాల్లో పూర్తే కాదు. వాళ్లు గోడ ముట్టుకునే సరికే తర్వాతది మొదలు. అలా విరామం లేకుండా 1600 మీటర్లు ఎలాగోలా ఈడ్చుకుంటూ పోతారు. కోచ్ దాన్ని ‘స్టామినా’ అంటాడు.

అక్కడ నీళ్లలో అసలు ఏం జరుగుతుందో స్ట్రోకులు లెక్కపెడితే తెలిసిపోతుంది. పన్నెండేళ్ల పిల్లల లేన్‌లో మొదటి 200లో ఒక ల్యాపుకు, అంటే కొలను ఒక పొడవుకు, 20 స్ట్రోకులు పడ్డాయి. ఐదో 200కు 23. ఎనిమిదోదానికి 26. కొలను పొడవు మారలేదు, చెయ్యి పట్టే నీళ్లే తగ్గాయి. అలసిపోగానే నీళ్ల కింద మోచెయ్యి కిందికి జారుతుంది. అరచెయ్యి నీటిని వెనక్కి నెట్టకుండా పక్కకు కోసుకుపోతుంది. శ్వాస కోసం తల పక్కకు తిప్పడం పోయి పైకి ఎత్తడం మొదలవుతుంది. తల లేస్తే నడుము మునుగుతుంది. నడుము మునిగితే కాళ్లు కత్తెరలా విడిపోతాయి. ఇక అక్కడి నుంచి ప్రతి మీటరూ ఆ తప్పు స్ట్రోకుకే సాధన. ఒంటికి మంచి అలవాటు, చెడ్డ అలవాటు అనే తేడా తెలియదు. ఎక్కువసార్లు చేసిందే దానికి అబ్బుతుంది.

ఊళ్లో బావుల్లో ఈత నేర్చుకుని వచ్చిన పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్లకు నీళ్లంటే భయం ఉండదు, దమ్ము బాగా ఉంటుంది. కానీ బెండు కట్టుకుని తల పైకి పెట్టి ఈదిన అలవాటు మూలాన నడుము ఎప్పుడూ లోపలే ఉంటుంది. వీళ్లను నేరుగా దూరాల్లోకి దింపితే ఆ అలవాటు ఇంకా బిగుసుకుంటుంది. ఇక్కడి చిన్న కోచ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అలాంటి పిల్లలను మొదటి నెల పక్క లేన్‌లో పెట్టి, గోడ తన్ని స్ట్రీమ్‌లైన్‌లో (చేతులు ముందుకు చాపి ఒళ్లు నిటారుగా పెట్టి) జారడం, పక్కకు పడుకుని కాళ్లాడించడం, నీళ్లలో ముఖం ఉంచి కొలను అడుగున ఉన్న నల్లగీతను చూస్తూ ఈదడం చేయిస్తాడు. ఈ కొలనులో మేం చూసిన అన్నిటికన్నా మంచి పని అదే. నెల కాగానే ఆ పిల్లలూ పెద్ద సెట్‌లోకే పోతారు, అదొక్కటే బాధ.

దూరం వద్దని మేం అనడం లేదు. మెల్లగా ఎక్కువసేపు ఈదితే గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం పెరుగుతుంది, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, పోటీకి పోటీకి మధ్య తొందరగా తేరుకుంటారు. వేగాన్ని సమంగా నిలబెట్టుకోవడం కూడా దూరాల్లోనే వస్తుంది. 400 మీటర్లకు ఐదారు నిమిషాలు పట్టే పిల్లకు ఈ పునాది లేకుంటే మూడో వందలోనే చేతులు బరువెక్కుతాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కేటీ లెడెకీ 800 ఫ్రీస్టైల్ బంగారు పతకం గెలిచినప్పుడు ఆమెకు 15 ఏళ్లు. కోచ్‌లు ఆమెను చూపించే దూరాలు అమ్ముతారు. అదే లెక్కన 2024 పారిస్ ఒలింపిక్స్‌ను చూడండి. అక్కడ నమోదైన పురుషుల 100 ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు, 1500 రికార్డు 14 నిమిషాల 30.67 సెకన్లు. ఒకటి నిమిషం లోపు పని, ఇంకోటి పావుగంట పని. రెండింటికీ ఒకే సెట్ ఎలా సరిపోతుంది? ఈ బ్యాచ్‌లో పిల్లలు ఎక్కువ మంది ఈదేది 50, 100 మీటర్లే.

రెండు పూటల సంగతి సూటిగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో డేవిడ్ కాస్టిల్ బృందం 1991లో అచ్చు వేసింది. కాలేజీ ఈతగాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు ఒక్కసారి గంటన్నర, ఇంకో జట్టుకు ఆరు వారాల పాటు రోజుకు రెండుసార్లు గంటన్నర సాధన ఇచ్చారు. మన సింగిల్, డబుల్ లాంటిదే. రెండు పూటలు ఈదిన వాళ్లకు అదనంగా లాభమేమీ కనపడలేదు. పైగా ఆ ఆరు వారాల్లో వాళ్ల స్ప్రింట్ వేగం తగ్గింది. వాళ్లు ఎదిగిన యువకులు, పిల్లలు కారు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. అయినా రెట్టింపు ఈదితే రెట్టింపు వస్తుందన్న లెక్క అంత తేలిగ్గా నిలవదని మాత్రం దాంతో తెలుస్తుంది.

దానికి ఎదురుగా ఉన్న ఉదాహరణ కూడా చెప్పాలి. అమెరికా ఈతగాడు మైకేల్ ఆండ్రూ చిన్నప్పటి నుంచి తక్కువ దూరం, అచ్చంగా పోటీ వేగంతో సాధన చేసినవాడు. 50, 100 మీటర్లలో గొప్ప వేగం. టోక్యో ఒలింపిక్స్‌లో 200 మెడ్లీ (నాలుగు రకాల ఈతలూ 50 మీటర్ల చొప్పున) ఫైనల్‌లో 150 మీటర్ల దాకా ముందున్నాడు. ఆఖరి 50 ఫ్రీస్టైల్‌లో పట్టు తప్పి ఐదో స్థానానికి పడిపోయాడు. కిలోమీటర్లను పూర్తిగా కోసేస్తే 200 నుంచి పైకి ఎక్కడ దెబ్బ తగులుతుందో చూపడానికి ఇది చాలు. అందుకే ‘రోజుకు వెయ్యి మీటర్లు చాలు, మిగతాదంతా దండగ’ అనే కోచింగ్ కనపడితే అదీ నమ్మొద్దు.

పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు ఎలా ఈదినా టైమింగ్ తగ్గుతుంది, ఎందుకంటే ఎత్తు పెరుగుతారు, చేతులు సాగుతాయి. ఆరు నెలల్లో 100 మీటర్లకు నాలుగు సెకన్లు తగ్గితే అది డబుల్ బ్యాచ్ మహిమ అనుకుంటారు. అదే ఆరు నెలల్లో ఎత్తు ఎంత పెరిగిందో గోడ మీద పెన్సిల్ గీతతో కొలిచి చూడండి. స్ట్రోకుల లెక్క కూడా తగ్గితే నేర్చుకున్నట్టు. ఎత్తు పెరిగీ స్ట్రోకులు తగ్గకపోతే పెరిగిన చెయ్యిని వాడుకోవడం రాలేదన్నమాట.

ఇక భుజం. 5600 మీటర్లంటే 224 ల్యాపులు. కాళ్లతో ఈదే 16 తీసేస్తే 208. ల్యాపుకు 20 చొప్పున రోజుకు 4160 స్ట్రోకులు, ఆరు రోజులకు దాదాపు 25,000. అందులో సగం ఒక్కో భుజానికి. ఆస్ట్రేలియాలో 13 నుంచి 25 ఏళ్ల మధ్య మేటి ఈతగాళ్లు 80 మందిని పరీక్షించి 2010లో అచ్చు వేసిన అధ్యయనంలో 91 శాతం మంది భుజం నొప్పి ఉందన్నారు. వారానికి 15 గంటలు దాటి ఈదేవాళ్లకు భుజం పైభాగంలోని స్నాయువు దెబ్బతినే అవకాశం రెట్టింపు, 35 కిలోమీటర్లు దాటితే నాలుగింతలు అని తేలింది. ఈ డబుల్ బ్యాచ్ 18 గంటలు, 33.6 కిలోమీటర్లు. దేశం తరఫున ఈదేవాళ్లు మోసే భారం దగ్గరికి నల్లగొండ పదేళ్ల పిల్ల పోతున్నది.

పాడిల్స్ సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ ఒకే సైజు పాడిల్స్ అందరికీ ఇస్తారు, అవి పెద్దవాళ్ల అరచెయ్యికి సరిపోయేవి. చిన్న చేతికి తొడిగితే ప్రతి స్ట్రోకులో భుజం మీద పడే బరువు పెరుగుతుంది. మోచెయ్యి జారిపోయే పిల్లకైతే ఆ బరువంతా భుజం ముందు భాగంలోకి పోతుంది. పదమూడేళ్ల లోపు పిల్లలకు పాడిల్స్ అసలే వద్దు. తర్వాత కూడా వేళ్ల చివర నుంచి వేలెడు కన్నా ఎక్కువ బయటికి రాకూడదు, ఒక పూటకు 400 మీటర్లు దాటకూడదు. పిల్ల చెయ్యి పైకెత్తితే భుజం ముందు నొప్పి అన్నా, స్కూల్ బ్యాగు ఒకే భుజానికి మార్చుకుంటున్నా, ఒక పక్కకు పడుకోలేకున్నా ఆ రోజే చేతుల పని ఆపి కాళ్ల సెట్ ఇవ్వాలి. ‘అలవాటైతది’ అనే మాట భుజానికి పనికిరాదు.

గట్టు మీద కసరత్తు పేరుతో యాభై దండాలు తీయిస్తారు. ఈత ఎలాగూ ఛాతీ కండరాలనే ముందుకు లాగుతుంది, దండాలు మళ్లీ వాటినే బిగిస్తాయి. దాని బదులు సన్న రబ్బరు బ్యాండు కొక్కేనికి కట్టి, మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పడం పదిహేనుసార్లు చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు చేయిస్తే ఎక్కువ మేలు. ఐదు నిమిషాల పని. అడిగితే ఒప్పుకున్నారు, అమలు కావాలి.

నీళ్ల విషయానికొస్తే మన ఊరి ఎండ మరిచిపోకూడదు. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు మామూలే. పైకప్పు లేని కొలను, సాయంత్రం ఐదింటికి థర్మామీటర్ దించితే 33 చూపింది. పోటీలకు నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ నియమం. వేడి నీళ్లలో ఒంటి వేడి బయటికి పోదు. పిల్లలకు చెమట పడుతుంది కానీ నీళ్లలో కనపడదు, దాహం తెలియదు. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. వంద చొప్పున పది వేయిస్తే ఆరోదానికే ముఖాలు ఎర్రబడి, తలనొప్పి అంటారు. ఎండాకాలం సాయంత్రం పూట దూరం పూర్తిగా మానేసి 25 మీటర్ల స్ప్రింట్లు, డైవులు, టర్నులు పెడితే సరిపోతుంది. లేన్ చివర నీళ్ల సీసా పెట్టే అలవాటే ఇక్కడ లేదు. గంటకు కనీసం అర లీటరు, రెండు సెట్ల మధ్య కొంచెం కొంచెంగా తాగించండి. అది బోరు నీళ్లు కాకుండా ఇంటి నుంచి తెచ్చిన కృష్ణా నీళ్లైతే మంచిది, మన జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఈత అయ్యాక ఉప్పేసిన మజ్జిగ బాగా పనిచేస్తుంది.

క్లోరిన్, పీహెచ్ మేం నాలుగు రోజులు చుక్కల కిట్‌తో చూశాం. మూడు రోజులు క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య, పీహెచ్ 7.6 దగ్గర బాగానే ఉన్నాయి. సోమవారం పొద్దున మాత్రం పీహెచ్ 8 దాటింది, కొలను దగ్గరికి పోగానే ఘాటు వాసన. క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. ఆదివారం జనం చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు అవుతాయి, కళ్లు మండేది వాటి వల్లే. మన బోరు నీళ్లలోని క్షారత వల్ల పీహెచ్ పైకి పోతుంటుంది, పోయిన కొద్దీ క్లోరిన్ బలం తగ్గుతుంది. ఆదివారం రాత్రి యాసిడ్‌తో పీహెచ్ దించి, ఆ తర్వాత విడిగా ఎక్కువ క్లోరిన్ వేసి, కొంత కొత్త నీరు వదిలితే పోయే సమస్య ఇది. ప్రస్తుతానికి ఆస్తమా ఉన్న పిల్లలను సోమవారం పొద్దున దూరాలకు దింపకండి.

మెచ్చుకోవాల్సినవి కూడా చాలా ఉన్నాయి. గోడకు పెద్ద పేస్ క్లాక్ (సెకన్లు చూపే సాధన గడియారం) ఉంది, పిల్లలే తమ టైం చూసుకుని చెప్పడం నేర్పారు. లేన్ తాళ్లు బిగువుగా ఉన్నాయి. లైఫ్‌గార్డ్ ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం మూడు వారాల్లో ఒక్కసారి కూడా కనపడలేదు. బ్రెస్ట్‌స్ట్రోక్ నేర్పడంలో పెద్ద కోచ్ దిట్ట. పాదాలు బయటికి తిప్పి తన్నే పని గట్టు మీద బోర్లా పడుకోబెట్టి చేత్తో పట్టి చూపిస్తాడు. శనివారం 400 టెస్ట్ పెట్టి పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకంలో టైం పక్కన స్ట్రోకుల లెక్క కూడా రాస్తే ఇంకా విలువ పెరుగుతుంది.

పన్నెండేళ్ల పిల్లకు పొద్దున ఒక్కపూటలో సరిపోయే సెట్ ఎలా ఉండాలో కోచ్‌లకూ చెప్పాం, ఇక్కడా రాస్తున్నాం. వార్మప్ 400. డ్రిల్లు (స్ట్రోకు దిద్దుకునే సాధన) 50 చొప్పున ఎనిమిది, నిమిషం ఇరవై సెకన్లకొకటి, ప్రతిదానికీ స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ. తర్వాత 100 చొప్పున నాలుగు, అలా మూడు విడతలు, రెండుంబావు నిమిషాలకొకటి, విడతల మధ్య రెండు నిమిషాల విరామం. నాలుగు రకాల ఈతల్లో 25 చొప్పున ఎనిమిది. డైవ్‌తో పూర్తి వేగంగా 25 చొప్పున ఎనిమిది, మధ్యలో నిమిషం విశ్రాంతి. చివర మెల్లగా 200. మొత్తం 2600. మెయిన్ సెట్‌లో ఒకటే షరతు: స్ట్రోకులు తన మామూలు లెక్క కంటే రెండు పెరిగి, వరుసగా రెండు ల్యాపులు అలాగే ఉంటే ఆగాలి. నిమిషం ఆగి, ఒక 25 డ్రిల్ చేసి మళ్లీ చేరాలి. మొదటి వారం పిల్లలు ఐదో వందకే ఆగిపోతారు, కంగారు పడొద్దు. ఆగకుండా పన్నెండు పూర్తి చేసిన రోజు దూరం పెంచండి, అదీ నెలకు 200 మించకుండా. తొమ్మిది పదేళ్ల వాళ్లకు 1500 నుంచి 2000, వారానికి నాలుగు రోజులు చాలు. పద్నాలుగు దాటితే 4000, ఇంకా పైకి పోవచ్చు. 800, 1500 ఈదేవాళ్లకు అప్పుడు డబుల్ అవసరమే.

పోటీలకు పోయేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి. హైదరాబాద్ గచ్చిబౌలి కొలను 50 మీటర్లు. ఇక్కడ 100కు మూడు టర్నులు (గోడ దగ్గర మళ్లడం), అక్కడ ఒక్కటే. ప్రతి టర్నుకు గోడ తన్ని వచ్చే వేగం మీద ఆధారపడిన పిల్ల అక్కడ 35 మీటర్ల దగ్గర నిలబడిపోతుంది. దాన్ని దూరం పెంచి సరిచేయాలని చూస్తున్నారు. అంతకంటే మంచి దారి ఉంది. వారానికి ఒకసారి 100 చొప్పున ఆరు, గోడ ముట్టకుండా రెండు మీటర్ల ముందే తిరిగి, తన్నుడు లేకుండా మళ్లీ ఎత్తుకోవాలి. పోటీకి ముందు వారం మొత్తం ఈత ఆపేయడం ఇక్కడి ఇంకో తప్పు. చిన్నపిల్లలకు మూడు నాలుగు రోజులు దూరం సగం చేస్తే చాలు, వేగం మాత్రం ఉంచాలి. పూర్తిగా ఆపితే నీళ్ల మీద పట్టు పోతుంది.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి. కట్టంగూరు, తిప్పర్తి వైపు నుంచి ఐదున్నర బ్యాచ్‌కు వచ్చే పిల్లలు నాలుగున్నరకే లేస్తున్నారు. సాయంత్రం బ్యాచ్ చూసుకుని ఇల్లు చేరి, హోంవర్క్ చేసి పడుకునే సరికి పది. డబుల్ వద్దనడానికి ఈ ఒక్క లెక్క కూడా సరిపోతుంది.

సింగిల్‌కు నెలకు 2500, డబుల్‌కు 4000, మూడు నెలలకు ఒకేసారి కట్టించుకుంటారు. టోపీ, గాగుల్స్ బయట కొనుక్కోవచ్చు, బలవంతం లేదు. మధ్యలో డబుల్ నుంచి సింగిల్‌కు మారితే మిగిలింది తర్వాతి మూడు నెలలకు సర్దుతామని నోటిమాటగా చెప్తారు, రసీదు మీద రాయించుకోండి. డిసెంబరు, జనవరిలో నీళ్లు బాగా చల్లబడతాయి, వేడి చేసే ఏర్పాటు లేదు. ఆ రెండు నెలలు అడిగితే పొద్దున బ్యాచ్‌ను సాయంత్రం నాలుగింటికి మార్చుకోనిస్తారు.